ఇంజను మూతకు పసుపు

మా ఆడపడుచు పోయిందన్న కబురు పామర్రు నుంచి తెల్లవారి వచ్చే మొదటి బస్సు తెచ్చింది. బస్సు ఆమెదే. డ్రైవరు గుమ్మం బయటే నిలబడి, "నిద్రలోనే వెళ్లిపోయారండీ" అన్నాడు. మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదు.

నా భర్తకు చెల్లెలు. చివర్లో పామర్రులో ఉన్నా, అంతకుముందు బెజవాడలో మా ఇంట్లోనే ఉండేది. మొగుడు పోయాక, ఆయన వదిలివెళ్లిన ఒకే ఒక్క బస్సును బెజవాడ, పామర్రు మధ్య తిప్పి బతికింది. ఆయన ఉన్నప్పుడు పక్కన కూర్చుని పానాలు అందిస్తూ ఇంజను పని నేర్చుకుంది. బస్సు జమాఖర్చులు నేను రాసేదాన్ని. ఆమె చెప్పే లెక్కల్లో నాకు తప్పు దొరికేది కాదు. ఇంట్లో మాత్రం దొరికేది. విప్పిన బోల్టులు వేసుకోవడానికి అడక్కుండా నా ఇత్తడి పళ్లెం పట్టుకుపోయేది. "బూడిదతో తోమే ఇస్తాగా వదినా" అనేది. తోమే ఇచ్చేది, నిజమే. అయినా నేను మళ్లీ తోముకునేదాన్ని.

యుద్ధం అయిపోయి పెట్రోలు కాస్త దొరుకుతున్న రోజుల్లో, ఒక దసరాకు జరిగింది చెబుతాను.

ఇంజను పైన రేకు మూత ఒకటి ఉంటుంది. లోపలి నూనె బయటికి రాకుండా మూత కింద బెండు పట్టీ వేసి బోల్టులు బిగిస్తారు. ఆ పట్టీని ప్యాకింగు అంటారు. ఆయుధపూజ నాడు డ్రైవరు పాత ప్యాకింగు తీసి కొత్తది వేశాడు. మర్నాటి నుంచే నూనె కారింది. బిగించాడు. ఇంకా కారింది. ఇంకా బిగించాడు. వేడి గొట్టం మీద పడ్డ నూనె పొగై బస్సంతా కమ్మితే, కంకిపాడు దగ్గర నిప్పంటుకుందని జనం కిందికి దూకారు.

అది విని ఆమె బావగారు, అంటే మొగుడి అన్నగారు, మా ఇంటికి వచ్చారు. బస్సు తమ్ముడిదే అయినా కాగితాలు ఆయన పేరనే ఉన్నాయి. "ఆడదానికి బస్సేమిటమ్మా? ఎల్లుండి బేరగాణ్ణి తెస్తున్నాను. అమ్మేసి మా ఇంట్లో ఓ మూల ఉండు. పిడికెడు మెతుకులు పెట్టలేమా?"

"మూలలు మా ఇంట్లోనూ ఉన్నాయండీ బావగారూ. రేపు మీరే బస్సెక్కి చూడండి. పొగ వస్తే బేరగాణ్ణి పిలవండి" అంది.

ఆ మధ్యాహ్నం మూత విప్పి నవ్వడం మొదలెట్టింది. నేను వెళ్లి చూద్దును కదా, మూత కూర్చునే అంచు పొడుగునా పసుపు, మధ్యమధ్య కుంకుమ బొట్లు! దాని మీదే ప్యాకింగు పరిచాడు.

"పూజ కదండీ" అన్నాడు డ్రైవరు.

"లక్ష్మి దాటి రావాల్సిన గడపకు పసుపు రాయవయ్యా. నూనె దాటకూడని గడపకు ఎందుకూ?"

వెదురు చెక్కతో అంతా గీకింది. అతిగా బిగించడంతో బోల్టుల చుట్టూ రేకు గుంటలు పడితే, పీట మీద పెట్టి చెక్క సుత్తితో సాపు చేసింది. మర పోయిన బోల్టులు, వంగిన వాషర్లు మార్చింది. కొత్త ప్యాకింగు పొడిగా పరిచి, బోల్టులన్నీ ముందు వేళ్లతోనే ఎక్కించి, తర్వాత పానాతో ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పింది. "ఇంకాస్త బిగించండమ్మా" అని డ్రైవరు నసిగితే, "కారుతోందని బిగించకు. ఎందుకు కారుతోందో చూడు" అంది. ఆ మాట నేను నా కోడళ్లకు చాలాసార్లు చెప్పాను, ఇంజను సంగతి ఎత్తకుండా.

మర్నాడు బావగారు ముందు సీట్లో కూర్చున్నారు, మేమిద్దరం వెనక. దారి పొడుగునా ఆయన ముక్కుతోనే ప్రయాణం చేశారు. పామర్రులో దిగి, ఇంజను తలుపు ఎత్తించి, మూత అంచు చుట్టూ తెల్లటి ఉత్తరీయం కొస తిప్పారు. దుమ్ము అంటింది, నూనె అంటలేదు.

"బేరగాడికేం చెప్పను?" అన్నారు ఉత్తరీయం దులుపుకుంటూ.

"రావద్దని చెప్పండి. వచ్చిన దారికి టిక్కెట్టు మాత్రం తీసుకోండి."

తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీకి తల ఆన్చి నిద్రపోయింది. గోళ్లలో నలుపు ఇంకా పోలేదు. ఉయ్యూరు దాటాక ఎడ్లబళ్లు దారి నిండా అడ్డం వచ్చాయి. డ్రైవరు హారను మీద చెయ్యి వేశాడు, వెనక్కి తిరిగి ఆమెను చూశాడు, తీసేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "కాస్త తప్పుకోండయ్యా, అమ్మగారు పడుకున్నారు" అని ఒక్కో బండివాణ్ణీ మెల్లగా బతిమాలుకుంటూ బస్సు పోనిచ్చాడు.