నీళ్లు కలిపిన సంతోషం

మా అత్తవారింట్లో శుభవార్త పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పకూడదు. ఈ సంగతి పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నేను ఆగేదాన్ని కాదేమో. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మే పదిమందికీ చెప్పుకునేది.

వాళ్లది దారాలు, గుండీలు, లైనింగు గుడ్డలు అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పెద్ద దర్జీ వీధిలో కనబడి, బడిపిల్లల యూనిఫారాలకు కావలసిన సరుకంతా ఇక మీ దగ్గరే తీసుకుంటానన్నాడు. నేను గడప దాటకముందే కేకేశాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా ఆడపడుచు చప్పట్లు కొట్టి నవ్వింది. నేనూ నవ్వాను. అంతలోనే ఆ పిల్ల మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. చేతులు చల్లబడిపోయాయి, ఒళ్లంతా చెమట పట్టింది, వాంతులు మొదలయ్యాయి. ఎంతకీ ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయించారు. కొంప ముంచానురా భగవంతుడా అని నేను మూల కూర్చుని ఏడుస్తుంటే, అత్తయ్య కొట్లో నేల తుడిచి, చేతులు కడుక్కుని నా దగ్గరకు వచ్చింది.

"నీకు తెలీదు కదమ్మా. ఇకమీదట దానికేం చెప్పినా కాస్త నీళ్లు కలిపి చెప్పు" అంది. అంతే, తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆడపడుచుకు పేరు ఉంది కానీ ఎవరూ వాడరు. పాకే వయసంతా గుండీల డబ్బాల మధ్యే గడిచింది కాబట్టి గుండీ అన్నారు, అదే ఉండిపోయింది. మనం చెప్పకుండానే ఒంట్లో కొన్ని పనులు జరిగిపోతుంటాయి. గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం, తిన్నది అరగడం, లేచి నిలబడితే రక్తం తలదాకా అందడం, ఏడుపొస్తే కళ్లలో నీళ్లూరడం. వీటిని నడిపే నరాలు గుండీకి పుట్టుకతోనే సరిగా తయారు కాలేదు. సంతోషమైనా దుఃఖమైనా ఒక్కసారిగా మీద పడితే ఒళ్లు అదుపు తప్పుతుంది. లక్షల్లో ఒకరికి కూడా రాని జబ్బట. తల్లి దగ్గర ఒక లోపం, తండ్రి దగ్గర అదే లోపం ఉండి, రెండూ వచ్చి కలిస్తేనే బిడ్డకు వస్తుందట. మోసుకొచ్చిన వాళ్లిద్దరికీ మాత్రం ఏమీ ఉండదు. మావయ్యకు జీవితంలో జలుబు కూడా చేయలేదని అత్తయ్య అనేది, ఆయన మీద కోపమో జాలో తెలియకుండా.

పసిపిల్లగా పాలు మింగలేకపోయిందట. కాస్త పెద్దయ్యాక, పడి మోకాలు చీరుకుపోయినా ఏడవకపోతే ఇరుగుపొరుగు బుద్ధిమంతురాలని మెచ్చుకున్నారట. వేడి పెనం పట్టుకుని అలాగే నిలబడిన రోజున అత్తయ్యకు భయం పుట్టింది. జబ్బు పేరు తెలిసేసరికి దానికి బళ్లో వేసే వయసు వచ్చింది. నేను వచ్చేసరికి గుండీ పెద్దదైపోయింది కానీ జాగ్రత్తలు మాత్రం పసిపిల్లవే. నిద్రలేచి కాసేపు మంచం మీదే కూర్చోవాలి, ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరిగి పడుతుంది. మంచినీళ్లు తిన్నగా తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పిండి కలిపి చిక్కగా చేసి చెంచాతో తాగాలి. కళ్లు ఎండిపోకుండా చుక్కలు వేసుకుంటూనే ఉండాలి. సాయంత్రం కొట్టు సర్దాక అత్తయ్య దాని అరచేతులూ పాదాలూ తిప్పి తిప్పి చూసేది, ఎక్కడ తెగిందో, ఎక్కడ కాలిందో అని. దానికి నొప్పి తెలిస్తే కదా.

మావయ్య పోయినప్పుడు కూతురి కంట్లో చుక్క రాలలేదని ఎదురింటావిడ, "అది గుండె కాదు, బండ" అందట. అది నేను రాకముందు మాట. నా చెవిన పడ్డ రోజున ఆవిడ మీద ఒంటికాలి మీద లేచాను. ఆ వారమంతా ఆ పిల్ల ఆసుపత్రిలో పడి ఉందని నీకు తెలుసా అని వీధంతా వినేలా అడిగాను. ఆవిడ ఇప్పటికీ దారం వేరే వీధికి వెళ్లి కొనుక్కుంటుంది. కొనుక్కోనీ.

కొట్లో మాత్రం గుండీకి ఎదురులేదు. దర్జీ గుడ్డముక్క తెస్తే వెలుగులో పెట్టి చూసి, సరిపడే దారం తీసేది. ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ గొంతు కొత్తవాళ్లకు అర్థం కాదు. పాతవాళ్లు ఆ మాటల కోసమే వచ్చేవాళ్లు. ఒకసారి ఒకతను ఏ దారం చూపించినా రంగు కలవలేదంటున్నాడు.

"ఈ చొక్కా ఎవరికి?" అంది గుండీ.

"పెళ్లికొడుక్కి అక్కా."

"పెళ్లికొడుకు చొక్కాకి దారం ఎవడు చూస్తాడు? అందరూ పెళ్లికూతుర్నే చూస్తారు, తీస్కెళ్లు."

అతను నవ్వుకుంటూ తీసుకెళ్లాడు.

నీళ్లు కలపడంలో మా అత్తయ్యను మించినవాళ్లు లేరు. కరెంటు బిల్లు చదివినట్టు ఉండేది ఆవిడ గొంతు. నేను కడుపుతో ఉన్నప్పుడు, మొదటిరోజు గుండీతో నాకు నీరసంగా ఉందంది. మర్నాడు, డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చారంది. ఆ మర్నాడు, భయపడాల్సిందేం లేదంది. అసలు సంగతి చెప్పిన రోజున గుండీ తాపీగా, "అమ్మా, నాకు మొదటిరోజే తెలుసు. పాపం అంత కష్టపడి చెప్తున్నావని విన్నాను" అంది. అత్తయ్య వచ్చే నవ్వు ఆపుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ నవ్వితే కూతురు ఇంకా నవ్వుతుంది, అది ప్రమాదం. బిడ్డకు ఆ జబ్బు వస్తుందేమోనని నాకూ పరీక్ష చేయించారు. నాలో ఆ లోపం లేదని తేలాక అందరం ఊపిరి పీల్చుకున్నాం, దాన్ని కూడా రెండు ముక్కలు చేసి చెప్పాం.

అలాంటి ఇంట్లో అత్తయ్యకే జబ్బు చేసింది. కడుపులో నొప్పి అని వెళితే, కాలేయమంతా పాకిపోయిందన్నారు. వైద్యానికి అందే దశ దాటిపోయిందన్నారు. గుండీకి ఎలా చెప్పాలో ఆవిడే ఆసుపత్రి మంచం మీంచి మాకు నేర్పింది. ముందు కడుపునొప్పి అన్నాం. తర్వాత పరీక్షలన్నాం. తర్వాత ఇంకొన్నాళ్లు అక్కడే ఉండాలన్నాం. చివరికి తగ్గేది కాదని మా ఆయన చెప్పాడు. గుండీ తలొంచుకుని రీళ్లు సర్దుతూ విన్నది. మెడ మీద ఒకటి రెండు మచ్చలు లేచి, అణిగిపోయాయి.

"అమ్మని నేను చూడాలి" అంది.

అక్కడే చిక్కు వచ్చింది. గుండీకి అంతకుముందే నిమోనియా వచ్చి తగ్గింది. రోగుల మధ్యకు తీసుకొస్తే మళ్లీ వస్తుందని, ఈసారి వస్తే తట్టుకోలేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తల్లీకూతుళ్లు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. తిన్నావా, చుక్కలు వేసుకున్నావా, వదిన పాదాలు చూసిందా. చూశానని నేను పక్కనుంచి అరిచేదాన్ని. ఫోను పెట్టేశాక రోజూ అదే ప్రశ్న: "వదినా, అమ్మ ఇంటికొస్తుందా?" చూద్దాంలే అనేదాన్ని. ఆ ఇద్దరూ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుంటే చాలని, ఆ రోజుల్లో నేను కోరుకున్నది అదొక్కటే.

చివరికి ఆసుపత్రివాళ్లే, ఇక ఇక్కడ చేసేదేమీ లేదు, ఓ పది రోజులుంటారేమో, ఇంటికి తీసుకెళ్లండన్నారు. నేను వెంటనే ఫోను తీశాను, ఈపూట నుంచే కొంచెం కొంచెంగా చెబుదామని. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకు."

"చెప్పకపోతే ఎలా అత్తయ్యా? మిమ్మల్ని చూడగానే దానికి..."

"ఇన్నేళ్లూ దాని సంతోషంలో నీళ్లు పోస్తూనే ఉన్నానే. పుట్టినరోజుకి గౌను కొంటే, ముందురోజు చూపించి, దాచేసి, మళ్లీ చూపించి, అప్పుడు తొడిగేదాన్ని. దాని మొహం పూర్తిగా విచ్చుకోవడం నేనెప్పుడూ చూళ్లేదు. విచ్చుకుంటుంటే నేనే ఆపేసేదాన్ని. పోయేముందు ఒక్కసారి చూడనీ."

"ఏమైనా అయితే?"

"సూది వేయిస్తే మర్నాటికి తగ్గుతుంది. నేను పది రోజులుంటానంటున్నారుగా, తొమ్మిది రోజులు దాని పక్కనే ఉంటాను."

నేను మా ఆయన వైపు చూశాను. ఇంటిల్లిపాదికీ ఆ జాగ్రత్త నేర్పిన మనిషే వద్దంటుంటే, ఆ చెయ్యి అంత చిక్కిపోయి ఉంటే, ఏమనగలం? ఎవరిది తప్పని నన్నెవరూ అడగొద్దు. అడిగితే నోటికొచ్చినట్టు తిడతాను.

మధ్యాహ్నం కొట్టు ముందు కారు ఆగింది. మా ఆయనా నేనూ చెరో రెక్క పట్టుకుని అత్తయ్యను దించాం. గుండీ ఎవరికో ఆకుపచ్చ దారం తీసిస్తోంది. అత్తయ్య గడపలో నిలబడి, కరెంటు బిల్లు గొంతుతో కాదు, మామూలు తల్లి గొంతుతో, "గుండీ" అని పిలిచింది.

గుండీ తలెత్తింది. నేను ఆ ఇంటికొచ్చాక ఎన్నో మొహాలు చూశాను కానీ అలాంటి మొహం చూడలేదు. ముందు నోరు తెరుచుకుంది, తర్వాత బుగ్గలు, తర్వాత కళ్లు, అన్నీ ఒకదాని వెంట ఒకటి నవ్వాయి. "అమ్మా!" అని గట్టిగా అరిచి, తూలుకుంటూ గల్లాపెట్టె చుట్టూ తిరిగొచ్చి తల్లిని వాటేసుకుంది. అత్తయ్య దాని మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూస్తూనే ఉంది. ఈసారి ఆపలేదు.

మచ్చలు మెడ నుంచి గడ్డం దాకా పాకాయి. చేతులు చల్లబడ్డాయి. అత్తయ్య భుజం మీదే మొదటి వాంతి అయింది. అత్తయ్య వచ్చిన కారులోనే గుండీని ఎక్కించుకుని మా ఆయన అదే ఆసుపత్రికి వెళ్లాడు. అత్తయ్య గల్లాపెట్టె దగ్గర కూతురు కూర్చునే కుర్చీలో కూర్చుండిపోయింది.

మర్నాటికి తగ్గలేదు. వాంతి కొంత ఊపిరితిత్తుల్లోకి పోయిందని, ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ పెట్టారు. ఫోన్లో మాట్లాడే వీలు లేదు. మా ఆయన అక్కడ, బిడ్డతో నేను ఇక్కడ. మొదటిరోజు అత్తయ్య, "చూశావా ఎలా నవ్విందో" అని నాతో పదిసార్లు అంది. రెండోరోజు, "తగ్గిందా?" అని మాత్రమే అడిగింది. మూడోరోజు పొద్దున్నే, "నేనెంత పని చేశానే. నన్ను దాని దగ్గరికి తీసుకెళ్లండి" అంది. మా ఆయనకు ఫోను చేసి కారు పంపమన్నాను. ఆవిడకు ఒళ్లు తుడిచి, మంచి చీర కట్టి, దువ్వుతుంటే తల నా చేతి మీదికి వాలిపోయింది. కాసేపటికి కారు వచ్చి గుమ్మంలో హారన్ కొట్టింది. నాకు ఆ డ్రైవరు మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ఆ సాయంత్రానికి గుండీకి ఆక్సిజన్ తీసేశారు. అత్తయ్య దగ్గరా, బిడ్డ దగ్గరా చుట్టాలను ఉంచి నేను ఆసుపత్రికి వెళ్లాను. మా ఆయన వరండాలో గోడకానుకుని నిలబడి, "ముందు అమ్మకి బాగోలేదని చెప్పు. మిగతాది రేపు చెబుదాం" అన్నాడు. సరేనని లోపలికి వెళ్లాను. గుండీ నా మొహం చూసింది.

"కలపకుండా చెప్పు వదినా."

నేను మంచం మీద కూర్చున్నాను. "అమ్మ పోయింది గుండీ. పొద్దున."

గుండీ కళ్లు పొడిగా, అలా తెరుచుకునే ఉన్నాయి. చుక్కలు వేయబోతే నా చెయ్యి తోసేసింది.

"నేను నవ్వడం చూసిందా?"

"చూసింది. రోజంతా అదే చెప్పుకుంది."

చివరిరోజు అన్న మాట మాత్రం నేను చెప్పలేదు.

మెడ మీద మచ్చలు లేచాయి. నేను బేసిన్ అందుకునేలోపే వాంతి మొదలైంది. గంట కొట్టకుండానే నర్సు సిరంజితో వచ్చేసింది. గుండీ నా కొంగు పట్టుకుని లాగింది.

"ఇప్పుడే వద్దని చెప్పు. అందరూ ఏడుస్తారు కదా. నాకు ఇదే వస్తుంది. కాసేపు రానీ."

"బీపీ పెరిగిపోతోందండీ, ఆగకూడదు" అంది నర్సు.

"వాళ్లమ్మ పోయిందమ్మా" అన్నాను. "కాసేపు ఆగు."

నర్సు సిరంజిని ట్రేలో పెట్టింది. బయటకు పోలేదు. బీపీ మిషన్ వైపు చూస్తూ మంచం పక్కనే నిలబడింది. నేను ఒక చేత్తో బేసిన్, ఒక చేత్తో గుండీ నుదురు పట్టుకున్నాను. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది, చెమటకు దిండు తడిసిపోయింది. మధ్యలో ఊపిరందినప్పుడల్లా అమ్మా అంటోంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. తలుపు దగ్గర మా ఆయన కూడా ఏడుస్తున్నాడు. ఎవరం ఎవర్నీ ఊరుకోమనలేదు.

కొంతసేపటికి గుండీ తనంతట తనే నర్సు వైపు చెయ్యి చాపింది.