గొర్రెల లెక్క పట్టుకుని కుప్పం దాకా

పొద్దున అయిదూ ముప్పావుకే మదనపల్లె బస్టాండులో ఉన్నాను. పుంగనూరు బస్సు ఆరింటికి. ఆ పావుగంటలో మూడుసార్లు బ్యాగు తెరిచి కాగితాలున్నాయో లేదో చూసుకున్నాను. బస్సు ఎప్పుడొస్తుందని కంట్రోలరును రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన తలెత్తకుండానే, "ఆరుకొచ్చే బస్సు ఆరుకే వస్తాదమ్మా, నువ్వు అడిగినావని ముందొస్తాదా" అన్నాడు. నిజమే. కానీ ఆ రోజు కుదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. వయసు నలభై నాలుగు. ఉద్యోగం చేసుకుంటూనే ఆరేళ్ళుగా కుప్పంలోని విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లెల్లో గొర్రెలు మేపే కుటుంబాలు తమ మందను ఎలా లెక్కపెడతాయి, ఆ లెక్కకు ఏ మాటలు వాడతాయి, ఆ లెక్కతో సంతలో బేరం ఎలా నడుపుతాయి అన్నది నా విషయం. ఇది గణితమా, భాషా, వ్యాపారమా, సమాజశాస్త్రమా అని ఎవరైనా అడిగితే నాకే తెలియదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళ గతి అందరికీ తెలిసిందే. నేను నాలుగు పడవలు ఎక్కాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి కుప్పంలో సదస్సు. అన్ని శాఖలవాళ్ళనూ ఒకే హాల్లో కూర్చోబెట్టే రకం. అందులో నా మూడో అధ్యాయం చదివితే సర్టిఫికెట్టు ఇస్తారు. అది జతచేస్తేనే థీసిస్ తీసుకుంటారు. నా రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదని ముందే చెప్పేశారు. అంటే ఆ రోజు పేపరు చదవకపోతే ఆరేళ్ళ కష్టం గాలికి పోయినట్టే.

బస్సు ఆరుకే వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకున్నాను. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం పథకం వచ్చాక పొద్దున బస్సుల్లో ఆడవాళ్ళే ఎక్కువ, సీటు కావాలంటే ముందే వెళ్ళండి. ఊరు దాటేదాకా టమోటా లారీలు అడ్డం. డ్రైవరు హారను కొడుతున్నకొద్దీ నేను గడియారం చూసుకుంటున్నాను.

నడవకు అవతలి సీట్లో గొంగడి భుజాన వేసుకున్న పెద్దాయన ఉన్నాడు. పేరు మునెప్ప అని తర్వాత చెప్పాడు. తంబళ్లపల్లె దగ్గర పల్లె. రాత్రి మదనపల్లెలో చుట్టాలింట్లో ఉండి, పుంగనూరులో కూతురి దగ్గరకు అలసందల మూట తీసుకుపోతున్నాడు.

"ఏమ్మా, బస్సెక్కినప్పట్నుంచీ ఆ కాయితాలే సూస్తాండావు. పరీచ్చా?" అన్నాడు.

"పరీక్ష లాంటిదే అప్పా. ఎవరింట్లో ఎన్ని గొర్రెలుండాయో, వాటిని ఎట్ల లెక్కపెడతారో రాసినాను."

"గొర్రెల మీద గూడా పరీచ్చ పెడతాండారా? అయితే నేనూ పాసయ్యేవాణ్ణే."

నాకు నవ్వొచ్చింది. ఆయన ఊరి పేరడిగాను. మూడేళ్ళ కిందట నేను తిరిగిన ఊరే. ముచ్చటపడి నా పట్టికలో ఆ ఊరి పేజీ తీసి చదివాను. రెడ్డెప్ప, నలభై. నాగప్ప, ముప్పై. గంగులప్ప, అరవై.

మునెప్ప కాసేపు శ్రద్ధగా విన్నాడు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"రెడ్డెప్పకు నలభయ్యా? వాని దొడ్లో పిల్లలే ఉండాయమ్మా అన్ని."

"మరి నాకు అబద్ధం చెప్పినాడా?"

"అబద్దమేంటికమ్మా. పానముండే దాని లెక్క నోటితో ఎవురన్నా చెప్తారా? చెప్తే తరిగిపోతాయి. అట్లని ఇంటికొచ్చి అడిగిన మనిసికి లేదని చెప్పలేము. ఒకడు సగం చెప్తాడు, ఒకడు పోయిన ఉగాదికి ఉండేటివి చెప్తాడు, ఇంగొకడు నోటికొచ్చింది చెప్తాడు."

పట్టికలోని సంఖ్యలన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయని నేను ఎప్పుడో గమనించాను. అక్కడితో ఆగినా బాగుండేది. దాని మీద ఒక సిద్ధాంతమే కట్టాను. చదువులేని కాపరులు పదుల్లోనే ఆలోచిస్తారనీ, అంతకంటే కచ్చితమైన లెక్క వాళ్ళకు అలవాటు లేదనీ. మూడో అధ్యాయమంతా అదే. మధ్యాహ్నం మైకులో చదవబోయేది కూడా అదే.

"అందరూ అట్లనే చెప్తారా అప్పా? ఎవరో ఒకరిద్దరు చెప్పుంటారు లే" అని వాదించాను. ఆయన వాదించలేదు. "నా కూతురిల్లు బస్టాండుకు పది నిమిసాలు. ఇంగా మందను ఇడిసిపెట్టుండదు. వచ్చి సూడు" అన్నాడు.

ఏడూ అయిదుకు పుంగనూరులో దిగాం. కుప్పం బస్సు ఏడూ నలభైకి ఉందని బోర్డు దగ్గర చెప్పారు. పోవాలా వద్దా అని బస్టాండులో అటూ ఇటూ నడిచాను. మునెప్ప మూట భుజాన పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి ఆయన వెనకే పోయాను.

ఊరి చివర కంపచెట్లతో కట్టిన దొడ్డి. ఆయన కూతురు రెడ్డెమ్మ కంపలో వదిలిన సందు దగ్గర నిలబడి మందను బయటికి వదులుతోంది. ఒక్క మాట లేదు. జత దాటినప్పుడల్లా కుడిచేతి వేళ్ళ మీద ఒక్కో గణుపు ముట్టుకుంటోంది. చివరి గొర్రె దాటాక వేళ్ళు చూసుకుని లోపలికి పోయి, తొట్టి వెనక ఇరుక్కున్న కుంటి గొర్రెను ఎత్తుకొచ్చింది. అంత దుమ్ములో, అంత తోపులాటలో, ఒక్కటి తక్కువైందని ఆమెకు తెలిసిపోయింది. పదుల లెక్కే తెలుస్తుందని నేను రాసిన మనుషులు వీళ్ళు.

ఆమెతో పాటు నేనూ మనసులో లెక్కపెట్టాను. అయినా మునెప్ప మాట తేల్చుకోవాలని, "ఎన్నుండాయమ్మా?" అని అడిగాను.

"ఇరవై" అంది తడుముకోకుండా.

క్లాసులో తప్పు జవాబు వినగానే దిద్దడం ఇరవయ్యేళ్ళుగా ఈ నోటికి అలవాటు. "ఇరవై కాదు కదమ్మా" అంటూ అసలు సంఖ్య గట్టిగా అనేశాను. అదిక్కడ రాయడం లేదు.

రెడ్డెమ్మ ముఖం వాడిపోయింది. మునెప్ప నేల చూశాడు. "యాలమ్మా అట్లంటివి?" అంది ఆమె. గొంతులో కోపం లేదు, భయం ఉంది. అంతకుముందు ఏడాది ఒకాయన వచ్చి మంద లెక్క రాసుకుని పైకి చదివాడట, నెల తిరక్కముందే రోగమొచ్చి దొడ్డి సగం ఖాళీ అయిందట. మా అమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. మా ఇంట్లో దిష్టి అనే మాటే లేదు, ప్రార్థన ఉండేది. రోగానికీ లెక్కకూ సంబంధం లేదని చెప్పబోయాను. కానీ జనాన్ని లెక్కపెట్టించినందుకు రాజుకు శిక్షగా దేశమంతా తెగులు పడిన బైబిలు కథ సండే స్కూల్లో పిల్లలకు చెప్పిందాన్ని నేనే.

"చెప్పులు ఇడిసి కాలెత్తమ్మా" అంది రెడ్డెమ్మ. ఎత్తాను. నా కాలి కింద మన్ను చిటికెడు తీసి, ఉప్పు, ఎండుమిరపకాయలు కలిపి, దొడ్డి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదేనని మునెప్ప అన్నాడు. నేను మాత్రం దగ్గాను. బయల్దేరబోతుంటే ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చింది. "అంత దూరం పోతాండావు, తాగిపోమ్మా." అప్పుడు నాకు సిగ్గేసింది.

కుప్పం బస్సు వెళ్ళిపోయింది. ఎనిమిదిన్నరకు పలమనేరు బస్సు ఎక్కాను, అక్కడ రెండిడ్లీలు నిలబడే తిని పదింటికి కుప్పం బస్సు పట్టుకున్నాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు పుంగనూరులోనే కడుపునిండా తినండి, పలమనేరులో టైం చాలదు. వి.కోట దాటాక బోర్డుల మీద తెలుగు పక్కన కన్నడం, అరవం కనబడతాయి. కండక్టరు ఒక సీటుకు ఒక భాష మాట్లాడుతున్నాడు. వేరే రోజైతే నోటు పుస్తకం తీసి రాసుకునేదాన్ని. ఆ రోజు ఫోను తీసి మా గైడుకు చేశాను.

అంతా విని ఆయన, "మేడం, ఉన్నదున్నట్టు చదవండి. కింద పరిమితులు అని ఒక లైను కలపండి. ఎవరూ పట్టించుకోరు" అన్నారు.

"సార్, వాళ్ళకు లెక్క రాదని రాశాను. వాళ్ళకు లెక్క వచ్చు."

"సర్టిఫికెట్టు తీసుకోండి మేడం. నిజం తర్వాత చూద్దాం."

ఆయన చెడ్డమనిషి కాదు, నా మేలు కోరే అన్నారు. శాంతిపురం దాకా ఆ ఒక్క లైను రాయడానికి ప్రయత్నించాను. రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు నాకే అర్థం కాలేదు. ఆశ కూడా ఉంది నాకు, దాచుకోను. డాక్టరేట్ వస్తే డిగ్రీ కాలేజీలో పోస్టు వస్తుంది, పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. పన్నెండున్నరకు కుప్పంలో దిగేసరికి చదివేద్దామనే అనుకున్నాను. సదస్సు భోజనంలో సాంబారన్నం, పెరుగన్నం పెట్టారు. ప్లేటు పక్కన పెట్టి కాగితాలు మళ్ళీ చదువుకున్నాను.

నా వంతు రెండుంబావుకు వచ్చింది. ముందు కామర్స్ ఆయన కిరాణా కొట్ల మీద చదివాడు. నేను లేచి పట్టిక తెర మీద వేయించాను. రెడ్డెప్ప, నలభై. ఆ పేరు చూడగానే మూడేళ్ళ కిందట ఆయన గడప దగ్గర నాకు పీట వేసి కూర్చోబెట్టడం గుర్తొచ్చింది. చదవాల్సిన కాగితాలు మడిచి బల్ల మీద పెట్టేశాను. "ఈ పట్టిక తప్పు. దీని మీద నేను రాసింది కూడా తప్పు" అని మొదలుపెట్టి, నాకిచ్చిన సమయంలో మిగిలిన ఏడు నిమిషాలూ పొద్దున జరిగింది చెప్పాను.

అధ్యక్ష స్థానంలో ఉన్న స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ ఆసక్తిగా ముందుకు వంగారు. "ఒక్క ఇంటి సరైన సంఖ్యయినా మీ దగ్గరుందా?"

"ఉంది సార్."

"చెప్పండి. ఆమె చెప్పిందెంత, ఉన్నదెంత, ఆ తేడాతోనే కొత్త పరిశోధన మొదలుపెట్టొచ్చు."

"చెప్పను సార్."

వెనక ఎవరో నవ్వారు. "ఎందుకు?" అన్నారాయన.

"ఆమె నాకు చెప్పలేదు సార్. నేను దొంగచాటుగా లెక్కపెట్టుకున్నాను."

బయట వరండాలో మా గైడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. "మూడో అధ్యాయం లేనిదే థీసిస్ లేదు మేడం. నెలాఖరులోపు కొత్తది రాయలేరు. మళ్ళీ ప్రవేశ పరీక్ష నుంచి మొదలుపెట్టాలి" అన్నారు. తెలుసన్నాను. తెలిసినా ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుని ఆటో ఎక్కాను.

మూడున్నరకు తిరుగు బస్సు. ఉండాలనుకునేవాళ్ళకు కుప్పం బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి, నేను ఒక్క నిమిషం ఉండదలచుకోలేదు. మా ఆయన ఫోను చేశాడు. "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది" అన్నాను. ఏది అయిపోయిందో ఇంటికెళ్ళి చెప్పాలి.

పలమనేరులో బస్సు మారాను. దారంతా నేను మూడేళ్ళలో ఎక్కిన గడపలే కళ్ళముందు. వాళ్ళలో ఒక్కరూ నన్ను మోసం చేయలేదు. అడగరానిది నేనే అడిగాను. విసుక్కోకుండా, గుమ్మంలోంచే పంపేయకుండా, ఏదో ఒక అంకె చేతిలో పెట్టి, మజ్జిగ పోసి సాగనంపారు. నేను ఇంటికొచ్చి వాళ్ళకు లెక్క రాదని రాసుకున్నాను. మళ్ళీ ఆ ఊళ్ళకు పోవాలి. ఏం అడగాలో ఇంకా తెలియదు. ఎన్ని అని మాత్రం అడగను. మీరూ అటు వెళితే అడగకండి.

ఆరూ పదికి, పుంగనూరు ఇంకా రెండు మైళ్ళుందనగా బస్సు ఆగింది. మేత నుంచి తిరిగొస్తున్న మంద ఒకటి రోడ్డు దాటుతోంది. ఎంతకీ తెగదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. నా పక్క సీటావిడ మెడ సాచి చూసింది.

"ఎన్నుండాయమ్మా అవి, బస్సే నిలిపేసిరి?" అని నన్నడిగింది.

నా కళ్ళు అప్పటికే చివరి గొర్రె దాకా లెక్కపెట్టేశాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

"ఓ యాభై ఉంటాయేమోనమ్మా" అన్నాను.