ప్లేటులో చచ్చిన క్రిమి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. చీములోనో రక్తంలోనో ఉన్న క్రిమిని ప్లేటులో పెంచి, దానికి ఏ మందు పనిచేస్తుందో చూడడం నా పని. కల్చర్ టెస్ట్ అంటారు.

బోధన్ దగ్గరి పల్లె నుంచి గంగారాం అనే రైతును తెచ్చారు. నలభై ఏళ్లుంటాయి, షుగరు ఉంది. చెరుకు నరికిన చేనులో మోడు అరికాల్లో దిగింది. మూడు వారాలు ఊళ్లోనే ఏవేవో సూదులు వేయించుకున్నాడు. మా దగ్గరికొచ్చేసరికి కాలి వేళ్లు నల్లబడ్డాయి. ఆయన భార్య పోసాని బీడీలు చుడుతుంది. చీము కల్చర్ రిపోర్టు తీసుకుని ల్యాబు కిటికీ దగ్గరే నిలబడి చూసింది.

“అక్కా, అన్ని మందుల పక్కకు ఆర్ అనే ఉన్నది. మంచిదేనా?”

“కాదు పోసాని. ఆర్ అంటే రెసిస్టెంట్. ఆ మందుకు క్రిమి చావదు.”

“ఒక్కటన్న లేదా?”

లేదు. సర్జన్ పుండు కడుగుతూ, ఉన్న మందులే కలిపి ఎక్కిస్తున్నాడు. నేను అనుమతి తీసుకుని ఆ క్రిమిని హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న నా క్లాస్‌మేట్ రవికి పంపాను.

రవి అయనోఫోర్లు తయారుచేస్తాడు. అంటే అయాన్లను మోసే అణువులు. క్రిమి చుట్టూ సన్నని కొవ్వు పొర ఉంటుంది. లోపల, బయట ఉప్పు అయాన్లలో తేడా ఉండేలా ఆ పొరే కాపాడుతుంది. ఆ తేడా మీదే దాని బతుకు. రవి అణువు పొరలో దూరి ఇవతల క్లోరైడ్ అయాన్‌ను పట్టుకుంటుంది, అవతల వదిలేస్తుంది, మళ్లీ వస్తుంది. తేడా పోతుంది, పొర చెడుతుంది, క్రిమి చస్తుంది.

మూడో రోజు పొద్దున రవి ఫోన్ చేశాడు. “ప్లేటుల ఒక్కటి మిగల్లే!”

ఆ సంతోషంలో, కిటికీ దగ్గరికొచ్చిన పోసానితో అనేశాను. “హైదరాబాద్‌ల ఒక కొత్త మందుకు చచ్చిందట.” ఇంకా మనుషులకు ఇవ్వడం లేదని కూడా చెప్పాను. ఆమె మొదటి మాటే విన్నది.

ఆ మధ్యాహ్నమే సర్జన్ మోకాలి కింద కాలు తీసేయాలన్నాడు. పోసాని సంతకం పెట్టలేదు. కొత్త మందు వస్తున్నదని చెప్పిందట. మర్నాడు నర్సు చెబితే నాకు తెలిసింది. వార్డుకు పరుగెత్తాను.

“పోసాని, మన ఒంట్లో కణాలకు కూడా గసొంటి పొరే ఉంటది. ఆ మందు మన రక్తకణాలను కూడా పగలగొడ్తది. ఇయ్యరాదు.”

“గట్లయితే నిన్న ఎందుకు చెప్పినవక్కా?”

ఆమె సంతకం పెట్టింది. అప్పటికే విషం రక్తానికెక్కి బీపీ పడిపోయింది. కాలు తీశారు గానీ గంగారాం కళ్లు తెరవలేదు. రెండో రోజు పోయాడు.

ముందురోజే తీసి ఉంటే బతికేవాడా అని సర్జన్‌ను అడిగాను. “చెప్పలేం,” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆసుపత్రి కాగితాల కోసం వచ్చినప్పుడు పోసాని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“అందరు లేదన్నరు. నువ్వొక్కదానివే ఉన్నదన్నవ్,” అని వెళ్లిపోయింది.

రవి అణువు ఇంకా ల్యాబు దాటలేదు. ప్లేటులో మాత్రమే పనిచేసిన మందు మాట రోగి మనుషులతో అనకూడదని ఆ కేసుతో తెలిసింది. నేర్చుకున్నది నేను. పోగొట్టుకున్నది పోసాని.