ముగ్గుపిండితో గీసిన బుధుడి దారి

మొన్న మధ్యాహ్నం కడపలో మా ఆఫీసు క్యాంటీన్‌లో, పక్కన కూర్చున్న కుర్రాడు ఫోనులో ఒక వీడియో చూస్తున్నాడు. నల్లని తెర మీద సూర్యుడి చుట్టూ బుధగ్రహం కోలగా తిరుగుతోంది, ఆ కోల దారి కూడా మెల్లగా పక్కకు జరుగుతోంది, చూస్తుండగానే రేకుల పువ్వు లాంటి బొమ్మ తయారవుతోంది. ఆ పువ్వు పూర్తయ్యేలోపే అతని బొటనవేలు దాన్ని పైకి తోసేసింది. నేను మాత్రం పెరుగన్నం ముందు పెట్టుకుని, సోలార్ ప్లాంటు లెక్కలన్నీ మరిచిపోయి, డోన్‌లో మా చిన్నాయన బుడ్డల మండీకి వెళ్ళిపోయాను. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. ఎండిన బుడ్డల పొట్టు వాసన, సాయంత్రపు నీరెండలో తేలే దుమ్ము, దూరంగా స్టేషన్‌లో ఇంజను కూత, ఇవన్నీ కలిసి నాకు ఇప్పటికీ ఖగోళశాస్త్రం వాసనలాగే ఉంటాయి.

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులవి. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా చేరాలంటే సర్టిఫికెట్ల కంటే డెమో క్లాసు ముఖ్యం. నిజం పిల్లలను కూర్చోబెట్టి, వెనక బెంచీలో ప్రిన్సిపాలు కూర్చుని, ఇక మొదలుపెట్టు అంటారు. అప్పటికే రెండు చోట్ల నా పాఠం ఎవరికీ ఎక్కలేదు. కోయిలకుంట్లలో ఎరువుల అంగడి నడిపే మా నాయన అరిచే మనిషి కాదు, భోజనం దగ్గర మెల్లగా ఒక మాట అన్నాడు.

"ఈ తూరి గూడా రాకుంటే అంగట్లో కూర్చో నాయనా. సదువు యాడికీ పోదులే."

మూడో పిలుపు కర్నూలు నుంచి వచ్చింది. ఇచ్చిన అంశం గ్రహ కక్ష్యల పురస్సరణం. పుస్తకంలో మాట బరువుగా ఉంటుంది కానీ సంగతి చిన్నదే. సూర్యుడొక్కడే లాగుతుంటే గ్రహం ఎప్పటికీ అదే కోల దారిలో, గీసిన గీత మీదే మళ్ళీ మళ్ళీ తిరగాలి. మిగతా గ్రహాలు కూడా కాస్త కాస్త లాగుతాయి కాబట్టి ఒక చుట్టు ముగిసేసరికి మొదలుపెట్టిన చోటికి సరిగ్గా రాదు, వెంట్రుకవాసి పక్కకు పడుతుంది, అలా యుగాల మీద కోల దారి మొత్తం తిరుగుతుంది. బుధుడి విషయంలో అందరి లాగుళ్ళూ లెక్కగట్టినా ఇంకా కొంచెం తిరుగుడు మిగిలిపోయింది, ఆ మిగులు ఎందుకో చెప్పడానికి గురుత్వాకర్షణ గురించి మనుషులు కొత్తగా ఆలోచించవలసి వచ్చింది. ఇదంతా బోర్డు మీద రాస్తే పిల్లలు నిద్రపోతారని నాకు అనుభవమే. కళ్ళ ముందు చూపించాలనుకున్నాను.

నాకు ఏ పనికైనా ముందు జాబితా వేసుకునే అలవాటు. పొడవైన తాడు, నూనె పోసే గరాటు, జల్లించిన ముగ్గుపిండి, ఎత్తైన దూలం. గరాటులో పిండి నింపి, తాడుకు వేలాడదీసి, కోలగా ఊపితే కారే పిండి నేల మీద దాని దారిని గీస్తుంది. పెద్దగా ఊపితే ఆ కోల తనంతట తాను మెల్లగా తిరగాలి. మధ్యలో సూర్యుడు ఉండడు, కారణమూ వేరే, అయినా దారి తిరగడమంటే ఏమిటో కంటికి కనబడుతుంది. అంత ఎత్తు దూలం ఉన్నది చిన్నాయన మండీలోనే కాబట్టి సంచీ సర్దుకుని డోన్ బస్సెక్కాను.

ముగ్గుపిండి అడిగితే చిన్నమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పండగ ఇంకా శానా దూరం ఉండాది గదరా. పెండ్లి చేసుకోరా అంటే ముగ్గులేస్తా అంటాండావు!"

చిన్నాయన ఉత్సాహంగా తానే నిచ్చెనెక్కి తాడు కట్టాడు, కాటా వేలాడే రెండు కొక్కేలకూ రెండు కొసలు వేసి, మధ్యలో గరాటు దిగేలా. నేను ఊపాను. కోల మొదట బాగానే వచ్చింది, తర్వాత సన్నబడింది, సన్నబడి ఒట్టి గీత అయింది, గీత మళ్ళీ ఉబ్బి కోలయ్యేసరికి గరాటు వెనక్కి తిరుగుతోంది. బుధుడు వచ్చిన దారినే తిరుగు ప్రయాణం కట్టాడన్నమాట. బుడ్డలు దించడానికి వచ్చిన కోడుమూరు రైతు ఒకాయన తలపాగా విప్పుకుంటూ నిలబడిపోయాడు.

"ఏమప్పా, మీ గ్రహం తాగిందా ఏంది? యాడికి పోతాండాదో దానికే తెలుస్తలేదు."

రెండు రోజులు ఊపి ఊపి చేతులు నొచ్చాయి. మూడోనాడు నేల మీద పడుకుని పైకి చూస్తుంటే తట్టింది. రెండు కొసల తాడు అటు ఊగితే ఒక పొడవు, ఇటు ఊగితే ఇంకో పొడవు. రెండు ఊపులకూ పట్టే సమయం వేరైతే కోల నిలవదు. తాడు ఒక్క ముడి నుంచే దిగాలి. ఆ మాట చెబితే చిన్నాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"యాపారస్తుల ఇంట్లో కాటా తట్ట తిరగగూడదురా. తిరిగితే రైతు నమ్మడు. మా నాయన నేర్పిన కట్టు ఇది."

తిరగకుండా కట్టడం మా వంశంలో తరాల విద్య, నాకేమో తిరగడమే కావాలి. చివరికి ఆయనే నిచ్చెనెక్కి, అపచారం చేస్తున్నవాడిలా అటూ ఇటూ చూసి, ఒకటే ముడి వేశాడు. ఆ సాయంత్రం మండీ నేల మీద తెల్లటి కోల ఒకటి, దాని మీద కాస్త ఒరిగిన ఇంకొకటి, ఆ మీద మరొకటి పరుచుకుంటుంటే చిన్నమ్మ వాకిట్లో నుంచి వచ్చి చీపురు చేతిలో పట్టుకునే చాలాసేపు నిలబడింది, ఊడ్వలేదు.

కర్నూలులో డెమో రోజున ఫ్యాను దింపించిన కొక్కేనికి ఒకే ముడితో గరాటు కట్టాను. పిల్లలు బెంచీలు వెనక్కి జరిపి చుట్టూ మూగారు. పువ్వు రేకులు విచ్చుకుంటుండగా వెనక నుంచి ప్రిన్సిపాల్ మేడమ్ అడిగారు.

"ఇది భూమి తిరగడం వల్ల కాదని ఎట్లా చెప్తావు?"

కింద భూమి తిరుగుతుంటే ఊగే గరాటు గీసే గీత కూడా పక్కకు జరిగినట్టే కనబడుతుంది, నిజమే, కానీ నా జాబితాలో ఆ ప్రశ్న లేదు. నాయన మాట చెవిలో వినబడింది. భూమి వల్లే అయితే ఎటు ఊపినా పువ్వు ఒకవైపుకే తిరగాలి మేడమ్, గరాటు పోయే దిక్కు మారిస్తే పువ్వు దిక్కూ మారితే అది భూమి పని కాదు, అన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, వెనక్కి ఊపి నేనెన్నడూ చూడలేదు. నేల ఊడ్చి, పిండి నింపి, ఎదురు దిక్కులో ఊపి వదిలాను. మొదటి కోలలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఏమీ తెలియలేదు. పిండి రాలే సన్నని చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. మెల్లగా, చాలా మెల్లగా, తెల్లని అంచు ఎదురువైపుకు ఒరిగింది. ముందు వరుసలో ఎవరో అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. మేడమ్ లేచి వచ్చి, చెప్పులు విడిచి, ఆ పిండి అంచున నిలబడి చూశారు. సోమవారం నుంచి రమ్మన్నారు.

బస్టాండు నుంచి నాయనకు ఫోను చేశాను. "సరేలే నాయనా. అంగడి బోర్డు మీద పేరు పక్కన 'అండ్ సన్' అని రాయిమని పెయింటరుకు చెప్పి పెట్టినా, వద్దంటాలే," అన్నాడు. సంతోషంతో అన్నాడో ఇంకెందుకు అన్నాడో, బస్సు దిగేదాకా ఆ మాటే నా వెంట వచ్చింది.

ఆ కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. పెద్ద పెద్ద కాలేజీలు వచ్చాక అది నిలవలేదు, నేను ఈ ప్లాంటుకు వచ్చాను, నాయన అంగడి వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. నా కోసం ఆయన వదులుకున్న 'అండ్ సన్' బోర్డూ, అంగడి వదులుకుని నేను పట్టుకున్న కాలేజీ, రెండూ ఇప్పుడు లేవు. ఇప్పుడు తెలుసుకోవాలంటే ఏదైనా క్షణంలో తెలుస్తుంది, అది మంచిదే, నేనూ అలాగే తెలుసుకుంటున్నాను. అయితే ఏమి జరుగుతుందో నాకే తెలియని ఒక చిన్న సంగతి కోసం, గది నిండా మనుషులు నాతో కలిసి ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన ఆ నిశ్శబ్దం మాత్రం, ఆ తర్వాత ఏ గదిలోనూ నాకు దొరకలేదు.