చిలుకలు వాలిన తుపాకి

డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న ఆ రెండేళ్లలో, లోకంలో నాకు చేతకాని పని ఒక్కటీ లేదని గట్టిగా నమ్మేవాణ్ని. పనిలేనివాడికి ఉండే ధైర్యం మరెవరికీ ఉండదు. ఆ ధైర్యంతోనే నిర్మల్‌లో ఒక కొయ్యబొమ్మల మేస్త్రీ దగ్గర ఆరు వారాలు పని నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం పెద్దమాటే. ఆ ఆరు వారాలూ ఆయన నా చేతికి గరుకు కాగితం తప్ప కుంచె ఇవ్వలేదు. చివరికి ఒకరోజు, ఇక ఇంటికి పొమ్మని, కావాలంటే కబురు పెడతానని ఎంతో మర్యాదగా చెప్పాడు. (నేను ఆరు వారాల్లోనే విద్య పూర్తి చేశానని ఊరంతా చెప్పుకున్నాను.)

ఇంటికొచ్చాక నా కళ చూపించడానికి ఒక వస్తువు కావలసి వచ్చింది. మా నాన్న (మేం బాపు అంటాం) ఎయిర్ గన్ కంటపడింది. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా మేనమామ దాన్ని బాపుకిచ్చాడు. ఇచ్చేముందు, ఎక్కడో మిగిలిన నల్లరంగు తెచ్చి కట్టె అనకుండా ఇనుము అనకుండా దట్టంగా పూశాడు. ఆ రంగు పెచ్చులు లేచి, తుపాకి సగం కాలిన కొరకంచులా ఉండేది. అయినా మా రెండెకరాల మక్కజొన్న చేనుకు కోతుల నుంచి అదే కాపలా. బాపు కోతులను ఎన్నడూ కొట్టలేదు. వాటిలో ఆయనకు ఆంజనేయస్వామి కనిపించేవాడు. గుంపు చేని గట్టు ఎక్కగానే ఆ నల్ల తుపాకి ఎత్తి చూపేవాడు, కోతులు పరుగు తీసేవి. మరీ మొండికేస్తే ఆకాశంలోకి ఒకసారి పేల్చి, వెంటనే "తప్పు గాయి సామీ" అని లెంపలు వేసుకునేవాడు.

చేను ఇంకా కంకి వేయలేదు, తుపాకి మూలనే ఉంది కదా, దాని రంగు గోకి కొత్తగా చేస్తానన్నాను. "మంచిగనే పనిజేస్తుంది గదా, గోకుడెందుకురా?" అన్నాడు బాపు. అన్నాడే గానీ, కొడుకు రెండేళ్ల తర్వాత ఏదో ఒక పనికి చెయ్యి పెడుతున్నాడన్న సంబరం ఆయన మొహంలో దాగలేదు. తానే మూలలోంచి తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి మరీ ఇచ్చాడు.

హార్డ్‌వేర్ షాపులో రంగు ఊడగొట్టే మందు తెచ్చి పూశాను. మామ పూసిన నలుపు బుడగలు బుడగలుగా లేచింది. దాన్ని అవ్వ రొట్టెలు తిప్పే అట్లకాడతో గోకాను. (ఆ అట్లకాడ గురించి అవ్వ, కన్నతల్లి అయ్యుండి, అన్న మాటలు ఇక్కడ రాయను.) మూడు రోజులు గరుకు కాగితంతో రుద్దితే లోపలి నుంచి చక్కటి గోధుమరంగు కట్టె బయటపడింది. బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో ఆగి, కాస్త నూనె రాసి మూలకు పెట్టేసేవాడు. నేను కళాకారుణ్ని. తుపాకి గొట్టం కట్టెతో కలిసేచోట ఒక సందు ఉంది, అది నా కళ్లకు భరించరానంత వికారంగా కనిపించింది. నిర్మల్ బొమ్మకు చేతులూ మెడా ఎక్కడ అతికారో తెలియకూడదు. చింతగింజలు నూరి చేసిన లప్పం ముద్దతో అతుకు పూడ్చి, నున్నగా రుద్ది, పైన రంగు వేస్తారు. ఆ ఆరు వారాల్లో నేను కళ్లారా చూసిన విద్య అదొక్కటే. నేనూ అదే లప్పంలో గట్టి జిగురు కూడా కలిపి సందును పూడ్చేశాను. దానిమీద మూడు పూతల ఎర్రరంగు, గొట్టం పొడుగునా బంగారు తీగలు, భుజానికి ఆనే మడమ మీద రెండు పచ్చని చిలుకలు. మక్క కంకికి కోతి తర్వాత అంతటి శత్రువు చిలుకేనన్న సంగతి, రైతు కొడుకునై ఉండి, నాకు తట్టలేదు.

తుపాకిని చూడటానికి వాడకట్టంతా వచ్చింది. పెళ్లి కుదిరిన ఒకడు ఫొటోలు దిగడానికి అడిగి పట్టుకుపోయి, రెండు రోజులుంచుకున్నాడు. బాపు మాత్రం దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "మా పిల్లగాడే జేసిండు" అని అడగని వాళ్లకు కూడా చెప్పాడు. నేను నేలమీద నడవడం మానేశాను.

కంకులు పాలు పోసుకున్నాయి. ఒక పొద్దున కోతుల గుంపు గట్టెక్కింది. బాపు ఎప్పటిలాగే తుపాకి ఎత్తి చూపాడు. కోతులు కదల్లేదు. వాటికి తెలిసింది నల్ల తుపాకి. ఈ ఎర్రటిదాన్ని అవి తీరిగ్గా కూర్చుని చూశాయి. పెద్ద కోతి ఒకటి ఇంకాస్త దగ్గరికి కూడా వచ్చింది. నా పనితనాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు మనుషుల్లో లేరు. ఇక లాభం లేదని బాపు పేల్చబోయాడు. ఆ తుపాకి పేలాలంటే ముందు గొట్టాన్ని కిందికి వంచాలి, అప్పుడే లోపల స్ప్రింగు బిగుస్తుంది. వంగేది సరిగ్గా నేను పూడ్చిన ఆ సందు దగ్గరే. బాపు మోకాలికి పెట్టి వంచబోయాడు. నేను పట్టి గుంజాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని చెమటలు కక్కాం. సందు విడలేదు, చిలుకలు చెక్కుచెదరలేదు. ఈలోగా గుంపు చేలో పడింది. ఒక కంకి కొరికి పారేసి ఇంకోటి, అది పారేసి మరొకటి. పక్క చేల వాళ్లు డబ్బాలు మోగిస్తూ వచ్చేసరికి ఎకరం నేలపాలైంది.

విరిగిన మక్క కర్రల మధ్య నిలబడ్డాను. అంత సిగ్గు నేను మళ్లీ పడలేదు. చుట్టూ చేరినవాళ్లు తుపాకి వైపు చూశారు, నా వైపు చూశారు. ఒకాయన అడగనే అడిగాడు, ఇంత నాశనం ఎట్లయిందని. బాపు తుపాకిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాదే తప్పు. ఇయ్యాల లేసేసరికి పొద్దెక్కింది."

ఆయన తెల్లవారకముందే లేస్తాడని అక్కడున్న అందరికీ తెలుసు. మిగిలిన ఎకరాన్ని కోత దాకా నేనే డబ్బా మోగిస్తూ కాశాను, బాపు ఒక్క రోజు కూడా కాపలాకు పొమ్మని చెప్పలేదు.

ఆ వయసులోని నేను ఇప్పుడు నాకు ఎదురుపడితే ముందు వాడి చేతిలో కుంచె లాక్కుంటాను. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, నీ కోసం మీ బాపు ఊరందరి ముందు బద్ధకస్తుడయ్యాడురా పిచ్చోడా అని చెప్తాను. వాడు వినడు. చిలుకలు ఎలా కుదిరాయని అడుగుతాడు. బాగానే కుదిరాయని చెప్పక తప్పదు.