సాంచాలు ఆగిన వీధిలో నా సందేహం

ఒక్క ఫోన్ కాల్‌తో సొంత పరువును వీధి చివరిదాకా ఎలా పంచిపెట్టవచ్చో తెలుసుకోవాలంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు.

కరోనా మొదటి ఏడు. సూరత్‌లోని భేస్తాన్‌లో, తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్ల వీధిలో మాది ఒక గది, ఒక వంటిల్లు. లాక్‌డౌన్‌కు కాస్త ముందే నా కుడి తుంటి కీలు తీసేసి కొత్తది వేశారు. నేల మీద పడుకోకూడదన్నారని మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, నన్ను ఊరేగింపు రథంలా ఎత్తున నిలబెట్టారు. నా భార్య సుజాత కింద చాప మీద. ఏళ్ల తరబడి పక్కనే పడుకున్న మనిషికి ఇప్పుడు పైనుంచి పాపిట మాత్రమే కనిపించేది. వంగి తాకుదామంటే కీలు జారుతుందని భయం. నన్ను నడిపించేటప్పుడు మాత్రం ఆమె భుజం నా చేతి కింద ఉండేది. ఆ నాలుగడుగుల కోసం రోజంతా ఎదురుచూసేవాణ్ణి. నడక బాగుపడేకొద్దీ నాకు దిగులు.

ఆ దగ్గరితనం ఇక అయిపోయినట్టేనా? ఆసుపత్రిలో అడగడానికి సిగ్గేసింది. ఇప్పుడు డాక్టరు ఫోన్‌లోనే మాట్లాడుతున్నాడు కాబట్టి ధైర్యం వచ్చింది. సుజాత మిరపకాయలు ఎండబెట్టడానికి డాబా ఎక్కగానే ఫోన్ కలిపాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేను సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగినవాణ్ణి. మా వీధిలో ముద్దుమాటైనా అరిచే చెప్పుకోవాలి. లాక్‌డౌన్‌లో ఆ సాంచాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం మీద మా పత్రికకు వార్త రాసిన విలేకరిని నేనే. నా గొంతుకు మాత్రం ఆ వార్త అందలేదు.

"డాక్టర్ సాబ్, భార్యతో మళ్లీ ఎప్పుడు కలవొచ్చు?" అని హిందీలో అరిచాను. వినపడలేదేమోనని ఇంకోసారి, వివరంగా.

నెల ఆగమన్నాడు. ఆ తర్వాత కూడా వెల్లకిలానే ఉండాలి, తుంటి ఎక్కువ వంచకూడదు, తొందరపడకూడదు అన్నాడు. ఫోన్ పెట్టేసరికి కిటికీలో పక్కింటి మల్లేశం.

"అన్నా, నువ్వడిగింది మంచిగ ఇనబడ్డది. డాక్టర్ ఏమన్నడో ఇనబడలె."

ఎదురింటి రాజవ్వ గడప మీంచి అందుకుంది. "గీ వయసుల గిదేం రంధిరా నీకు?"

"ఆపరేషనయినోడు అడగొద్దా అత్తా? చెప్పన్నా, ఎన్ని దినాలన్నడు?"

"నెల," అన్నాను.

వీధి వీధంతా నిట్టూర్చింది.

సుజాత మాస్కు కట్టుకుని డాబా దిగింది.

"ఇంట్ల మాస్కెందుకే?"

"మొఖం దాసుకునేటందుకు."

నెల గడిచింది. "డాక్టర్ చెప్పిన నెల అయింది," అన్నాను గుసగుసగా.

"అయితే?"

"ఏం లేదు."

ఆమె పక్కింటి గోడ వైపు చూపించింది. "నాకు మాత్రం ఉండదా? మల్లేశం దగ్గితే మనకు ఇనబడ్తది. మనది ఆళ్లకు ఇనబడదా? జర సాంచాలు నడవనియ్యి."

మర్నాటి నుంచి అధికారులకు, రింగ్ రోడ్ బట్టల వ్యాపారులకు నా ఫోన్లే ఫోన్లు. సాంచాలు ఎప్పుడు నడుస్తాయి? రోజూ ఒక వార్త. "కార్మికుల కోసం ఇంత తపన పడే విలేకరిని చూడలేదు," అన్నాడు మా ఎడిటర్. నేను కాదనలేదు.

ఒక మధ్యాహ్నం వీధి చివర ఒక సాంచా మొదలైంది. తర్వాత ఇంకోటి. మా గోడ వణికింది. సుజాత పొయ్యి ఆర్పి, తలుపు గడియ వేసి, మంచం అంచున కూర్చుంది. ఏదో అంది. వినపడలేదు.

"ఏందే?" అని అరిచాను.

నా నోటి మీద చెయ్యి పెట్టింది.

ఆ చేతి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఇలాంటి సందేహాలు డాక్టరుకు ఎదురుగా కూర్చుని, చెవిలోనే అడుగుతాను. ఎడమ తుంటి ఇంకా మిగిలే ఉంది మరి.