మేనకోడలి పెళ్ళి మండపానికి సీలు

గంట మోగించుకుంటూ ఫైరింజన్‌లో వెళ్తే జనం దారిచ్చి దండం పెడతారు. అదే మనిషి నోటీసు పట్టుకుని నడిచి వెళ్తే కుర్చీ కూడా వెయ్యరు. విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊరి ఫైర్ స్టేషన్‌కి ఆఫీసరుగా ఉన్నన్నాళ్ళూ నాకు ఈ రెండు మర్యాదలూ అలవాటే.

మా పరిధిలో గజపతినగరం వెళ్ళే దారిలో ఒక కల్యాణమండపం ఉండేది. కింద పెళ్ళి, పైన భోజనాలు. వంటలు మాత్రం కిందే, మెట్ల పక్కనే. గ్యాస్ సిలిండర్లు ఆ మెట్ల కిందే పేర్చేవారు. వెనక రెండో మెట్లదారి ఉండేది గానీ, పైన దాని గుమ్మానికి ఇటుకలతో గోడ కట్టేశారు. కింద ఆ చోటుని డెకరేషన్ సామాన్ల గది చేశారు. థర్మాకోల్ తోరణాలు, గుడ్డపూలు, పరుపుల స్పాంజి నేల నుంచి కప్పు దాకా నిండి ఉండేవి. అంటే పైన తినేవాళ్ళు దిగాలంటే పొయ్యిల పక్కనుంచే దిగాలి.

యజమాని బియ్యం వ్యాపారి. ఊళ్ళో తరాలుగా కొట్టున్న కుటుంబం. మాట వెన్నలా ఉండేది. గోడ తియ్యమని మొదటి నోటీసు ఇచ్చినప్పుడు "అలాగే సార్, మంచిరోజు చూసి పని మొదలెడతాం" అన్నాడు. రెండోసారి వెళ్తే మంచిరోజు ఇంకా రాలేదు. మూడోసారి కూల్‌డ్రింక్ తెప్పించి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"మీ బావగారు సెప్పలేదా సార్? ఈ వేసంగి ముహూర్తాల్లో మొదటి పెళ్ళి మీ ఇంటిదే. మీ మేనకోడలిదే. ఆ శుభకార్యం అయిపోనివ్వండి. గోడ సంగతి తర్వాత సూసుకుందాం."

నాకు నిజంగానే తెలియదు. మా బావ పొరుగు పల్లెలో రైతు. ఏటా ధాన్యం తోలేది ఈయనకే. ఆ చనువుతో మండపం మాట్లాడుకున్నాడన్నమాట.

"పెళ్ళి మా ఇంటిదైతే గోడ ఇంకా ముందు తియ్యాలి" అన్నాను.

"ముందు ఇంట్లో ఒక మాట అడగండి సార్" అన్నాడాయన, నవ్వుతూనే.

బయటికి వచ్చేముందు ఒక్కణ్ణే పై అంతస్తుకి ఎక్కాను. బల్లల మధ్య నిలబడి మెట్లవైపు చూశాను. సర్వీసులో చేరిన కొత్తలో ఒక బట్టల దుకాణంలో మంటలార్పడానికి వెళ్ళాం. అక్కడ మంటకన్నా ముందు పొగ నిండిపోయింది. మేం లోపలికి వెళ్ళేసరికి పనిచేసే అమ్మాయిలిద్దరు తాళం వేసిన వెనక తలుపు దగ్గరే పడి ఉన్నారు. ఒకమ్మాయి బతికింది. రెండో అమ్మాయిని నేనే మోసుకొచ్చాను. ఆ బరువు నా చేతులు ఎప్పుడూ మరిచిపోలేదు. ఆ మండపంలో నిలబడ్డప్పుడే నిర్ణయించుకున్నాను. జిల్లా ఆఫీసుకి రాసి సీలు వెయ్యడానికి ఆర్డరు తెప్పించుకోవాలి. ఆ మాట అక్కకి ముందు నా నోటితోనే చెప్పాలి.

నేను వెళ్ళేసరికి అక్క అరుగుమీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. విషయం చెప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కార్డులు పంచీసినాం రా. ఇప్పుడు సీలేస్తానంటావేటి? సొంత మేనకోడలి పెళ్ళికే అడ్డుపడతావా?"

"పెళ్ళికి కాదక్కా. ఆ మండపానికి."

"అక్కడ ఎన్ని పెళ్ళిళ్ళు అవ్వనేదు? ఎప్పుడైనా ఏటైనా అయిందా?"

"ఏటీ అవ్వలేదు. అందుకే ఎవరూ ఆ గోడ తియ్యట్లేదు."

బావ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఆయనతో నాకు రేపు పని పడతాది బావా. నువ్వు ట్రాన్స్‌ఫరయి ఎల్లిపోతావు. నాను ఇక్కడే ఉండాలి" అన్నాడు.

మేనకోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. తను ఊళ్ళో బడిలో టీచరు.

"గోడ పగలగొట్టడానికి ఎంతసేపు పడతాది మావయ్యా?"

"మేస్త్రీ వస్తే ఒక్క పూట."

"ఒక్క పూట పనికి ఆయన ఇన్నాళ్ళు నిన్ను తిప్పుతున్నాడా?" అని వాళ్ళమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నా పెళ్ళికి బడిపిల్లలందరినీ పిలిచినాను. ఆళ్ళు పైకెక్కి తింటారు. నాకా మండపం వద్దు."

అక్క చింతపండు పక్కకి నెట్టింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆర్డరు వచ్చిన రోజు రెవెన్యూవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళాను. అప్పటికే పెద్దవాళ్ళ సిఫార్సు ఫోన్లు మొదలయ్యాయి. అందరికీ ఒకటే చెప్పాను: "గోడ తీసిన రోజు నేనే వచ్చి సీలు తీస్తాను." మండపం ముందు జనం పోగయ్యారు. యజమాని నోట ఆ వెన్న మాట లేదు.

"మీ ఇంటి పెళ్ళి ఎక్కడ చేస్తారో సూస్తాను."

లక్క కరిగించి తాళంమీద వేశాను. వేలు కాలింది. కోర్టులో కేసు కూడా పెట్టాను.

పంతానికి పోయి ఆయన ముహూర్తం దాకా గోడ ముట్టుకోలేదు. పెళ్ళి కోతలైపోయిన బావ చేలో, తాటాకు పందిరి కింద జరిగింది. వేసవి గాలికి విస్తళ్ళు ఎగిరాయి, పప్పులో దుమ్ము పడింది. మగపెళ్ళివారిలో ఒకాయన బాగానే సణిగాడు. అక్క అప్పటిదాకా నాతో మాట్లాడనేలేదు. మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకురావడం మా ఇళ్ళలో ఆనవాయితీ. ఆ బుట్ట ఇంకెవరి చేతికైనా ఇస్తుందేమోనని నాకు బెంగగానే ఉంది.

పెళ్ళిరోజు పొద్దున్నే పందిరి వెనక వంటవాళ్ళతో నాకు తగువు. తాటాకుకి దగ్గరగా పొయ్యిలు పెట్టారు. గాలి వాలు చూసి దూరంగా జరపమన్నాను. "ఇంత దూరం నుంచి మొయ్యలేం బాబూ" అని వాళ్ళు మొరాయించారు. అప్పుడు వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

"ఆడు సెప్పినట్టు సెయ్యండి. నా కూతురి పెళ్ళి ఇది."

తర్వాత నావైపు చూడకుండానే అంది. "ఇక్కడేటి సూస్తావు? బుట్ట అక్కడ పెట్టినాను. ఎల్లి పట్టుకురా పిల్లని."

మేనకోడలు బుట్టలో కూర్చుని, "బరువున్నానా మావయ్యా?" అంది చెవిలో. బుట్ట పట్టు సరిచేసుకుని పందిట్లోకి నడిచాను.

వానలు మొదలయ్యేలోపు కోర్టు జరిమానా వేసింది. బుకింగులన్నీ వేరే మండపాలకి పోతుంటే యజమాని మేస్త్రీని పిలిచాడు. గోడ కూలింది, సామాన్లు షెడ్డుకి మారాయి, సిలిండర్లకి బయట గది కట్టారు. నేనే వెళ్ళి సీలు తీశాను. ఆయన తాళంచెవి తీసుకుని వెనక్కి తిరిగాడు. బావ ఆ ఏడు ధాన్యం వేరే వ్యాపారికి తోలాడు. దూరమెక్కువ, తిప్పలెక్కువ. ఆ కష్టం నావల్లే వచ్చిందని నాకు తెలుసు. బావ మాత్రం ఎప్పుడూ అనలేదు.

తర్వాత నన్ను పాతపట్నం వైపు బదిలీ చేశారు. అక్కడ మొదట తనిఖీకి వెళ్ళిన లాడ్జి యజమాని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"సొంత మేనకోడలి పెళ్ళి మండపానికి సీలేసిన ఆఫీసరు మీరేనా సార్?"

"నేనే. వెనక తలుపు తాళం ఎవరి దగ్గరుంది?"

ఆయన వెంటనే లేచి, తాళంచెవి తెమ్మని లోపలికి కేకేశాడు.